నాగర్‌కర్నూల్ పేరు షెల్‌కు ఎందుకు దొరకదు?

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాను విభజించి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలను ఏర్పాటు చేసిన తరువాత, ఆ ప్రాంతపు మండలాలూ గ్రామాలూ ఉన్న పాత జాబితాల్లో జిల్లా పేరు మార్చుకోవలసిన అవసరం ఏర్పడింది. వందల పంక్తులున్న జాబితాను ఒక్కొక్కటిగా చేత్తో దిద్దడం శ్రమతో కూడినదే కాక పొరపాట్లకు తావిచ్చేది కూడా కనుక, కంప్యూటర్‌తో బాగా పరిచయమున్నవారు ఇటువంటి పనికి కమాండ్ లైన్ షెల్‌ను ఆశ్రయిస్తారు. నాలుగు మాటల ఆదేశం టైపు చేస్తే అది జాబితా మొత్తాన్ని క్షణంలో చదివి, వెతికి, మార్చి ఇస్తుంది. అయితే అదే షెల్ కొన్నిసార్లు తెరపై కళ్లెదుటే ఉన్న నాగర్‌కర్నూల్ పేరును లేదంటుంది, వనపర్తి జిల్లా జాబితాలో చివరనున్న అమరచింతను వదిలేస్తుంది, జోగులాంబ గద్వాలను రెండు జిల్లాలుగా లెక్కిస్తుంది, లేదా ఉలుకూ పలుకూ లేకుండా నిలిచిపోతుంది. చూడటానికి ఒకదానితో ఒకటి సంబంధం లేనట్లున్న ఈ చిక్కులు పుట్టేది ఒకే చోట, అంటే ప్రోగ్రాముకు అక్షరాలు చేరే దారిలో. ఆ దారినే స్టాండర్డ్ ఇన్‌పుట్ అంటారు. దాని తీరు తెలిసినవారు ఈ చిక్కులను వరుసగా విప్పుకోగలరు. తెలియనివారికి మాత్రం కంప్యూటర్ మొండికేసిందనిపిస్తుంది.

ప్రతి ప్రోగ్రాముకూ మూడు దారులు

షెల్ అంటే వాడుకరి టైపు చేసిన ఆదేశాన్ని చదివి, ఆ పనికి తగిన ప్రోగ్రామును నడిపించే మరొక ప్రోగ్రాము. నేటి షెల్‌లకు మూలం 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ వ్యవస్థలో ఉంది. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యూనిక్స్ ఏడవ కూర్పుతో వెలువడగా, దాని బాటలోనే గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయాన్ ఫాక్స్ రాసిన బాష్ 1989లో వచ్చింది. ఇప్పటి లినక్స్ కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించేది ఈ బాషే.

యూనిక్స్ పద్ధతిలో షెల్ నడిపించే ప్రతి ప్రోగ్రాముకూ పని మొదలయ్యేనాటికే మూడు దారులు తెరిచి ఉంటాయి. 0 అనే సంఖ్య గలది స్టాండర్డ్ ఇన్‌పుట్, దాని ద్వారా ప్రోగ్రాము అక్షరాలను చదువుకుంటుంది. 1 సంఖ్య గలది స్టాండర్డ్ అవుట్‌పుట్, దానిలోకి ఫలితాన్ని పంపుతుంది. 2 సంఖ్య గలది స్టాండర్డ్ ఎర్రర్, తప్పులను తెలియజేసే సందేశాలు దానిలో వెళ్తాయి. వేరుగా చెప్పకపోతే 0వ దారికి అవతలి కొసన కీబోర్డు ఉంటుంది. వాడుకరి కోరితే కోణం గుర్తుతో ఆ కొసను ఒక ఫైలుకు మళ్లించవచ్చు, లేదా నిలువు గీత గుర్తుతో మరో ప్రోగ్రాము ఇచ్చే ఫలితాన్ని నేరుగా దానిలోకి పంపవచ్చు. ఈ రెండవ ఏర్పాటును పైప్ అంటారు. డగ్లస్ మెకిల్‌రాయ్ ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చిన ఈ ఆలోచనను థాంప్సన్ 1973లో యూనిక్స్‌లో అమర్చాడు.

ఈ ఏర్పాటు బలం, చిక్కు రెండూ ఒకే లక్షణంలో ఉన్నాయి. తనకు అందుతున్నది కీబోర్డు నుంచా, ఫైలు నుంచా, మరో ప్రోగ్రాము నుంచా అన్నది సాధారణంగా ప్రోగ్రాము పట్టించుకోదు. అందిన బైట్లను అందిన వరుసలో చదువుతుంది, ఇక లేవని తెలిసినప్పుడు ఆగుతుంది. బైటు అంటే 0 నుంచి 255 వరకు ఉండే ఒక సంఖ్యను దాచగల అతిచిన్న నిల్వ. అందువల్ల ఇన్‌పుట్ చెడినప్పుడు వేయవలసిన ప్రశ్నలు మూడే: బైట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, అందులో నిజంగా ఏ బైట్లున్నాయి, ఆ దారిని ఇంకెవరైనా చదువుతున్నారా.

తెర కదలకపోతే

కొత్తగా నేర్చుకునేవారిని మొదట కలవరపెట్టేది, ఆదేశం ఇచ్చిన తరువాత ఏమీ జరగకపోవడం. పదాలను వెతికే గ్రెప్ ఆదేశానికి వెతకవలసిన పేరు చెప్పి ఫైలు పేరు చెప్పడం మరిచిపోతే, అది తప్పు జరిగిందని చెప్పదు. ఫైలు లేదు కనుక స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి, అంటే కీబోర్డు నుంచి అక్షరాలు వస్తాయని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఫైలును చూపించే క్యాట్, పంక్తులను వరుసలో పెట్టే సార్ట్ కూడా ఇంతే. అటువంటప్పుడు కంట్రోల్ మీటను సి అక్షరంతో కలిపి నొక్కితే ప్రోగ్రాము రద్దవుతుంది. డి అక్షరంతో కలిపి నొక్కితే ఇన్‌పుట్ ముగిసిందన్న సూచన అందుతుంది. ఈ రెండవది పంక్తి మొదట్లో నొక్కితేనే ముగింపుగా పనిచేస్తుంది. పంక్తి మధ్యలో నొక్కితే అంతవరకు టైపు చేసినదాన్ని మాత్రమే ప్రోగ్రాముకు చేరవేస్తుంది కనుక, అక్కడ రెండుసార్లు నొక్కవలసి ఉంటుంది.

పంక్తి మొదట్లో ఒక కోణం గుర్తు కనిపించి ఆదేశం నడవకపోతే, కారణం చాలావరకు మూయని ఉల్లేఖన చిహ్నమే. దాన్ని మూసేదాకా షెల్ తరువాతి పంక్తుల్ని కూడా అదే ఆదేశంలో భాగంగా తీసుకుంటుంది. వెనుకవైపు నడుస్తున్న ప్రోగ్రాము కీబోర్డు నుంచి చదవబోతే వ్యవస్థ దాన్ని ఆపేస్తుంది. ఎఫ్‌జి ఆదేశంతో ముందుకు తెస్తే తిరిగి కదులుతుంది. పొరపాటున కంట్రోల్‌తో ఎస్ నొక్కితే తెర నిలిచిపోతుంది, క్యూ నొక్కితే వదులుతుంది. మధ్యలో కూలిన ప్రోగ్రాము వల్ల టైపు చేసే అక్షరాలు తెరపై కనిపించడం మానేస్తే, కనిపించకపోయినా ఎస్‌టిటివై సేన్ అని టైపు చేసి ఎంటర్ నొక్కితే టెర్మినల్, అంటే ఆదేశాలు టైపు చేసే తెర, మామూలు స్థితికి వస్తుంది.

మరో రకం పొరపాటు, స్టాండర్డ్ ఇన్‌పుట్‌ను అసలు చదవని ప్రోగ్రాముకు పైప్ ద్వారా పేర్లు పంపడం. ఫైళ్లను తొలగించే ఆర్‌ఎం, నకలు తీసే సిపి, మాటను తిరిగి చూపే ఎకో వంటివి తమ పేరు పక్కన రాసిన మాటలనే తీసుకుంటాయి, 0వ దారి వైపు చూడవు. పైప్‌లో వచ్చినదాన్ని అలా పక్కన రాసి ఇవ్వడానికి ఎక్స్‌ఆర్గ్స్ అనే ఆదేశం ఉంది. వేరే కంప్యూటర్‌లోకి వెళ్లడానికి రహస్యపదం అడిగే ఎస్‌ఎస్‌హెచ్ వంటి ప్రోగ్రాములు స్టాండర్డ్ ఇన్‌పుట్‌ను పక్కనపెట్టి నేరుగా టెర్మినల్‌నే అడుగుతాయి కనుక, పైప్‌లో రహస్యపదం పంపినా అవి అందుకోవు.

పేరు ఒకటే, బైట్లు వేరు

తెలుగు వాడుకరికి అసలైన చిక్కులు ఎదురయ్యేది రెండవ ప్రశ్న దగ్గర. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది; ఒక్కొక్క అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా సంకేతాలు ఏర్పడ్డాయి. ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. ఆ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు సరిపోతే, ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు కావాలి. గద్వాల అన్న మాటలో తెలుగు చదువరి కంటికి గ, ద్వా, ల అని మూడక్షరాలే కనిపిస్తాయి. యూనికోడ్ లెక్కలో మాత్రం గ, ద, పొల్లు, వ, ఆకారపు గుర్తు, ల అని ఆరు సంకేతాలున్నాయి. బైట్ల లెక్కలో అది 18. ఆ మాట ఒక్కటే ఉన్న ఫైలును డబ్ల్యుసి ఆదేశంతో కొలిస్తే, పంక్తి ముగింపు బైటును కూడా కలుపుకొని బైట్లు 19 అని, సంకేతాలు 7 అని చెబుతుంది. షెల్‌లో భాష, లిపి అమరికను చెప్పే లొకేల్ సరిగా లేకపోతే సంకేతాల లెక్క కూడా 19 అనే వస్తుంది. అటువంటి అమరికలో తెలుగు పదాలను విరిచే, పోల్చే ఆదేశాలు కొన్ని తప్పుదారి పడవచ్చు.

ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పట్టడానికి అందరూ గుర్తుంచుకోదగిన పర్యవసానం మరొకటి ఉంది. లినక్స్ టెర్మినల్ మామూలు స్థితిలో ఒక పంక్తికి 4,095 బైట్ల వరకే కీబోర్డు నుంచి తీసుకుంటుంది. ఆపైన వచ్చినవి జారిపోతాయి. ఇంగ్లీషులో ఇది నాలుగు వేల పైచిలుకు అక్షరాలు కాగా, తెలుగులో ఖాళీలు లేవనుకుంటే 1,365 సంకేతాలే. పొడవైన తెలుగు పేరాను ఒకే పంక్తిగా అతికిస్తే క్యాట్ వంటి ప్రోగ్రాముకు దాని తోక అందకపోవడానికి కారణం ఇదే. అటువంటి పాఠాన్ని ఫైలులో దాచి, ఆ ఫైలునే ఇన్‌పుట్‌గా మళ్లించడం దీనికి పరిష్కారం.

నాగర్‌కర్నూల్ పేరు మరింత సూక్ష్మమైన ఉదాహరణ. ఈ మాటలో రెండవ భాగపు కకారం మొదటి భాగపు పొల్లుకు వత్తుగా అతుక్కోకుండా ఉండాలంటే, ర్ తరువాత కంటికి కనిపించని, వెడల్పు లేని ఒక గుర్తు పెట్టాలి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, వనపర్తి జిల్లాలోని గోపాల్‌పేట పేరులోనూ అది కావాలి. ఆ గుర్తు పెట్టి రాసిన నాగర్‌కర్నూల్‌లో 39 బైట్లు, పెట్టకుండా కలిపి రాస్తే 36 బైట్లు, దానికి బదులు ఖాళీ వదిలి రెండు మాటలుగా రాస్తే 37 బైట్లు ఉంటాయి. ఈ మూడింటినీ మనిషి ఒకే ఊరిపేరుగా చదువుతాడు. గ్రెప్‌కు మాత్రం ఇవి మూడు వేర్వేరు మాటలు. ఇంతకన్నా తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. పేరుకు విభక్తి చేర్చి రాసిన చోటు నుంచి పేరును మాత్రం నకలు తీసినప్పుడు, చివరి ల్ తరువాత కూడా ఆ గుర్తు ఒకటి మిగిలిపోతుంది; అప్పుడు బైట్లు 42 అవుతాయి, తెరపై మాత్రం 39 బైట్ల పేరుకూ దీనికీ వెంట్రుకవాసి తేడా కూడా కనిపించదు.

విండోస్ కంప్యూటర్లలో తయారైన జాబితాలు వేరే అదృశ్య బైట్లను మోసుకొస్తాయి. విండోస్‌లో పంక్తి 13, 10 అనే రెండు బైట్లతో ముగుస్తుంది, యూనిక్స్‌లో 10 ఒక్కటే. షెల్ 10ని ముగింపుగా తీసుకొని 13ను పేరులో భాగంగా ఉంచేస్తుంది కనుక, ఆ పేరుతో పోలిక కుదరదు, ఆ పేరుతో ఫైలు తెరవబోతే లేదంటుంది. ఎక్సెల్‌లో యూటీఎఫ్-8 రకం సిఎస్‌వి ఫైలుగా దాచిన జాబితాకు మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్ల గుర్తు చేరుతుంది. పంక్తి మొదట్లో గద్వాల ఉందా అని వెతికితే మొట్టమొదటి పంక్తిలోనిదే దొరకకపోవడానికి కారణం అది.

కంటికి కనిపించనిదాన్ని చూడటానికి ఓడి అనే పాత ఆదేశం ఉంది. బైట్లను దశాంశ సంఖ్యలుగా చూపమని దాన్ని కోరితే, గద్వాలలోని గ అక్షరం 224, 176, 151గా కనిపిస్తుంది. తెలుగు సంకేతం ఏదైనా 224తో మొదలై, రెండవ స్థానంలో 176 గానీ 177 గానీ ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలు, తెలుగు పేర్ల మధ్య దాగిన పరాయి బైట్లు వాటంతట అవే బయటపడతాయి: 226, 128, 140 కనిపిస్తే అది వెడల్పు లేని గుర్తు, 13 కనిపిస్తే విండోస్ ముగింపు, మొదట్లో 239 కనిపిస్తే ఎక్సెల్ పెట్టిన గుర్తు.

తొలగించే పద్ధతిలోనూ జాగ్రత్త అవసరం. 13ను టిఆర్ అనే ఆదేశంతో నిర్భయంగా తీసేయవచ్చు, ఎందుకంటే యూటీఎఫ్-8లో తెలుగు సంకేతాల బైట్లన్నీ 128 గానీ అంతకు మించి గానీ ఉంటాయి. అదే టిఆర్‌తో వెడల్పు లేని గుర్తును తీయబోతే మాత్రం జాబితా పాడవుతుంది. లినక్స్‌లోని గ్నూ టిఆర్ అక్షరాలను కాక విడి బైట్లను చూస్తుంది కనుక, 128 అన్న బైటు ఎక్కడున్నా తీసేస్తుంది. ఈకారపు దీర్ఘం 224, 177, 128గా రాయబడుతుంది కాబట్టి శ్రీరంగాపూర్‌లోని శ్రీ అక్కడికక్కడే విరిగిపోతుంది. ఈ పనికి మూడు బైట్లనూ ఒకే మాటగా చూసే సెడ్ ఆదేశమే సరైనది. పేర్లను పోల్చేముందు వెతికే మాటలోనూ జాబితాలోనూ ఆ గుర్తును తీసేసి పోల్చడం మేలు. అచ్చుకు వెళ్లే అసలు జాబితాలో మాత్రం దాన్ని ఉంచాలి, లేకపోతే నాగర్‌కర్నూల్ రూపం చెడిపోతుంది.

టెర్మినల్ తెరపై తెలుగు వత్తులు విడిపోయి, ఒకదానిపై ఒకటి పడి కనిపించడం ఇంకొక విషయం. టెర్మినల్ తెరను సమానమైన గడులుగా విభజించి గడికొక అక్షరం చొప్పున పరుస్తుంది. తెలుగు సంయుక్తాక్షరాలు ఆ గడుల్లో ఇమడవు. అది చూపించడంలోని లోపమే తప్ప ఇన్‌పుట్ చెడినట్లు కాదు. బైట్లు సరిగా ఉన్నాయో లేదో ఓడితో చూసిన తరువాతే నిర్ణయానికి రావాలి.

లూప్‌లో పోయే పంక్తులు

జాబితాలోని ఒక్కొక్క పంక్తిని చదివి దానిపై పని చేయడానికి షెల్‌లో వైల్, రీడ్ అనే రెండు మాటలను కలిపి వాడతారు. రీడ్ ఒక పంక్తిని చదువుతుంది, చదవగలిగినంతకాలం వైల్ పనిని మళ్లీ మళ్లీ చేయిస్తుంది. ఇలా ఒకే పనిని తిప్పితిప్పి చేయడాన్ని లూప్ అంటారు. యూనిక్స్ ప్రమాణాల ప్రకారం పంక్తి అంటే చివర ముగింపు బైటు ఉన్న అక్షరాల వరుస. చివరి పేరు తరువాత ఎంటర్ నొక్కకుండా ఫైలును దాస్తే, రీడ్ ఆ పేరును చదువుతుంది గానీ ముగింపు దొరకలేదు కనుక విఫలమైనట్లు చెబుతుంది. దాంతో వైల్ ఆగిపోయి, అమరచింతపై పని జరగకుండానే లూప్ ముగుస్తుంది. ఫైలు చివర ముగింపు ఉండేలా చూడటం, లేదా రీడ్ విఫలమైనా చదివిన మాట ఖాళీ కాకపోతే పని చేయమని లూప్‌కు ఒక షరతు చేర్చడం దీనికి మందు.

పేరు మధ్యలో ఖాళీ ఉంటే మరో చిక్కు. జాబితాలోని మాటలను ఫర్ అనే లూప్‌తో తీసుకుంటే, అది ఖాళీ కనిపించిన చోటల్లా విరిచి జోగులాంబను ఒకటిగా, గద్వాలను ఒకటిగా లెక్కిస్తుంది. ఎక్స్‌ఆర్గ్స్ కూడా అదే పని చేస్తుంది. పంక్తిని పంక్తిగా చదవాలంటే విరిచే గుర్తులను నిర్ణయించే ఐఎఫ్‌ఎస్‌ను ఖాళీ చేసి, రీడ్‌కు ఆర్ అనే ఎంపికను చేర్చి వాడాలి. ఆ ఎంపిక లేకపోతే వెనుకకు వాలిన గీత గుర్తులను రీడ్ మింగేస్తుంది.

అనుభవజ్ఞులను కూడా గంటలకొద్దీ తిప్పలు పెట్టేది మూడవ ప్రశ్నకు సంబంధించిన లోపం. మండల కేంద్రాల్లోని కంప్యూటర్ల జాబితా తీసుకొని, లూప్‌లో ఒక్కొక్కదానికి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వెళ్లి ఏదో ఆదేశం నడిపించమంటే, మొదటి కంప్యూటర్‌లో పని జరిగి లూప్ ఏ తప్పూ చెప్పకుండా ముగుస్తుంది. కారణం, లూప్ లోపల నడిచే ప్రోగ్రాముకూ రీడ్‌కూ ఒకే 0వ దారి ఉండటం. ఎస్‌ఎస్‌హెచ్ తన దారిలో వచ్చిన బైట్లన్నిటినీ అవతలి కంప్యూటర్‌కు పంపడానికి లాగేసుకుంటుంది, రీడ్ తిరిగి వచ్చేసరికి జాబితా ఖాళీ. జూరాల కాలువ కింద పైతూములవారు నీరంతా తీసుకుంటే చివరి ఆయకట్టు ఎండినట్లే ఇక్కడ తరువాతి పంక్తులకు వంతు రాదు. ఎస్‌ఎస్‌హెచ్‌కు ఎన్ ఎంపికను ఇవ్వడం, లేదా ఎప్పుడూ ఖాళీగా ఉండే డెవ్ నల్ అన్న ప్రత్యేక ఫైలును దానికి ఇన్‌పుట్‌గా మళ్లించడం తేలికైన పరిష్కారం. జాబితాను 3వ దారిలో తెరిచి రీడ్‌ను అక్కడి నుంచే చదవమనడం మరింత భద్రమైనది. వీడియోలపై పనిచేసే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కూడా ఇలాగే చేస్తుంది, దానికి నోస్టడ్‌ఇన్ అనే ఎంపిక ఉంది.

జాబితాను పైప్ ద్వారా లూప్‌లోకి పంపి, లోపల పేర్లను లెక్కపెట్టి, బయటికి వచ్చాక చూస్తే లెక్క సున్నా చూపించడం కూడా తరచు జరిగేదే. బాష్‌లో పైప్‌కు కుడివైపున్న లూప్ వేరే ఉపషెల్‌లో నడుస్తుంది కనుక, అక్కడ పెరిగిన లెక్క ఆ ఉపషెల్‌తోనే పోతుంది. పైప్‌కు బదులు ఫైలును నేరుగా లూప్‌కు మళ్లిస్తే లెక్క నిలుస్తుంది. 2011లో వచ్చిన బాష్ 4.2 నుంచి, ఆదేశాలను ఫైలులో రాసిపెట్టి నడిపే స్క్రిప్టుల్లో లాస్ట్‌పైప్ అనే అమరికతోనూ దీన్ని సరిచేయవచ్చు.

వెతికే క్రమం

ఇన్ని రకాల లోపాలున్నా వెతకవలసిన క్రమం ఒక్కటే. మొదట 0వ దారి అవతలి కొస ఎక్కడుందో చూడాలి. లినక్స్‌లో ప్రాక్ అనే డైరెక్టరీలో ప్రతి ప్రోగ్రాముకూ ఉండే ఎఫ్‌డి ఫోల్డరులోని 0వ పేరు అది టెర్మినలా, ఫైలా, పైపా అన్నది చెబుతుంది. నిర్ణీత సమయానికి పనులు నడిపే క్రాన్ వంటి చోట కీబోర్డు ఉండదు కనుక, టైపు చేయమని అడిగే స్క్రిప్టు అక్కడ విఫలమవుతుంది. పైగా క్రాన్ పట్టికలోని ఆదేశంలో శాతం గుర్తు ఉంటే, దాని తరువాతి భాగమంతా స్టాండర్డ్ ఇన్‌పుట్‌గా మారుతుంది. రెండవది, అనుమానమున్న పంక్తిని ఒక్కదాన్నే విడదీసి ఓడికి ఇచ్చి బైట్లను చదవాలి. మూడవది, లూప్‌లో ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా తీసేసి చూస్తూ, దేనిని తీసినప్పుడు మిగిలిన పంక్తులు తిరిగి వస్తున్నాయో కనిపెట్టాలి. ఇవేవీ చేయకుండా ఆదేశాన్ని మార్చి మార్చి ప్రయత్నించడం వల్ల లోపం దొరకదు. ఒక్కోసారి మంచి జాబితా కూడా పాడవుతుంది. కనుక అసలు ఫైలును నకలు తీసిపెట్టుకొని, నకలుపైనే పరీక్షించడం తప్పనిసరి.

తెలుగు మాధ్యమంలో చదివి కంప్యూటర్ రంగంలోకి వస్తున్న విద్యార్థులకు ఈ జ్ఞానం ఇంగ్లీషు ఉదాహరణలతోనే అందడం ఒక లోటు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటే కనుక, ఇంగ్లీషు పేర్లతో పరీక్షిస్తే పైన చెప్పిన లోపాల్లో కొన్ని బయటపడవు. ఆ ప్రోగ్రాము బాగానే ఉందనిపించి, అసలైన తెలుగు జాబితా ఇచ్చిన రోజు తప్పుతుంది. స్వేచ్ఛ వంటి సంస్థలు తెలుగు ఇంటర్‌ఫేస్‌తో లినక్స్‌ను తయారుచేసి చూపాయి; ఇప్పుడు కావలసింది దానిని తరగతి గదిలో వాడటం. ఒకనాటి సంస్థానాధీశుల రాజభవనంలో నడుస్తున్న వనపర్తి ప్రభుత్వ పాలిటెక్నిక్ మొదలుకొని ఈ మూడు జిల్లాల్లోని కళాశాలలన్నిటిలోనూ, షెల్ పాఠం చెప్పే అధ్యాపకులు తమ తమ మండలాల పేర్ల జాబితానే అభ్యాసానికి ఇవ్వాలి. గోపాల్‌పేట, శ్రీరంగాపూర్, జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూల్ అన్న నాలుగు పేర్లను తప్పులేకుండా చదివే స్క్రిప్టు రాయగల విద్యార్థి, ఏ భాష జాబితానైనా నమ్మకంగా చేపట్టగలడు.